సొంత జీవితం రాసేటప్పుడు ఎవరి పేరు రాయాలి, ఎవరిది దాచాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగులో తమ జీవితం గురించి రాసుకునేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. వలసలు, ఆస్తి తగాదాలు, అత్తవారింటి కష్టాలు, ఒడియా బడిలో తెలుగు పిల్లల చదువు, సరిహద్దు దాటిన పెళ్లి సంబంధాలు, ఇవన్నీ రాయవలసినవే. మన జిల్లాల తెలుగువారి బతుకును మనం రాయకపోతే మరొకరు వచ్చి రాయరు. రాయడానికి కూర్చున్న ప్రతివారికీ మొదట ఎదురయ్యే చిక్కు మాత్రం పేర్లదే. చట్టం గురించి ఇక్కడ చెప్పింది సాధారణ సమాచారం. వ్యవహారం నోటీసు దాకా వెళితే న్యాయవాదిని కలవండి.

నా అనుభవాలకు నా అసలు పేరు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. అయితే మీ పేరుతోపాటు ఇంకెవరి పేర్లు బయటపడతాయో ముందు చూసుకోండి. "మా అత్తగారు", "మా రెండో ఆడపడుచు" అని రాసి వారి పేర్లు చెప్పలేదని ఊరట పడతాం. కింద మీ సంతకం ఉంటే వారి పేర్లు కూడా రాసినట్టే. రెండో ఆడపడుచు ఒక్కతే ఉంటుంది. తెలుగు ఇళ్లలో వరస చెబితే మనిషిని చూపించినట్టే.

మీ చదువు, మీ ఉద్యోగం, మీ జబ్బు, మీ ఊరు మీద మీ అభిప్రాయం వంటివి రాస్తుంటే అసలు పేరు మీ మాటకు బలం ఇస్తుంది. భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీ, కులాంతర వివాహం చేసుకుని పుట్టింటికి దూరమైన జంట, ఇంకా అదే యజమాని దగ్గర పనిచేస్తున్న కార్మికుడు, వీరు మాత్రం కలం పేరుతోనే రాయాలని నా గట్టి సలహా. అది పిరికితనం అనేవారి మాట వినకండి. ఆ మాట అనేవారెవరూ రేపు వీరి ఇంటికి వచ్చి కాపలా కాయరు.

కలం పేరుతో రాస్తే రచన మీద నా హక్కు పోతుందా?

పోదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 23వ సెక్షన్ అజ్ఞాతంగా, మారుపేరుతో వచ్చిన రచనల గురించే. ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఈలోగా అసలు రచయిత ఎవరో వెల్లడైతే, ఆ రచయిత మరణానంతరం 60 ఏళ్ల దాకా ఉంటుంది. చేతిరాత ప్రతి, తేదీ కనిపించే మెయిలు వంటివి దాచుకుంటే రచన మీదేనని చూపడం సులువు. తెలుగులో ఇది కొత్త సంగతీ కాదు. బీనాదేవి అన్న ఒక్క పేరు వెనుక భార్యాభర్తలిద్దరు ఉన్నారు.

కలం పేరు ఎంచుకునేటప్పుడు సొంత ఊరి పేరు, ఇలవేల్పు పేరు, పిల్లల పేర్లలోని అక్షరాలు కలపకండి. ఇంకొకటి, చాలామందికి తట్టనిది. కలం పేరు కింద మీ ఫోను నంబరు ఇవ్వకండి. ఆ నంబరును ఎవరైనా డబ్బు పంపే యాప్‌లో కొడితే మీ బ్యాంకు ఖాతాలో ఉన్న పూర్తి పేరు కనిపించవచ్చు.

ఇంటిపేరు తీసేసి ఒట్టి పేరు రాస్తే సరిపోతుందా?

హైదరాబాదులోనో విజయవాడలోనో సరిపోవచ్చు. మన దగ్గర ఇంటిపేరు వ్యవహారం చాలా చిక్కుపడి ఉంది. ఆంధ్ర బంధువులు మనల్ని ఇంటిపేరు ముందు పెట్టి పిలుస్తారు. ఒడిశా బడి రిజిస్టరులో ఇంటిపేరు చివరికి వెళుతుంది. కొందరికి అసలు ఇంటిపేరు రికార్డులోకే ఎక్కదు. "రావు", "పాత్రో" వంటివే ఇంటిపేరుగా నమోదై, తర్వాతి తరానికి అవే దక్కుతాయి. ఒకే మనిషి రేషను కార్డులో ఒక రకంగా, శుభలేఖలో మరో రకంగా, ఇచ్ఛాపురంలోని మేనమామ నోట ఇంకో రకంగా ఉంటాడు.

అందువల్ల "రికార్డులో లేని పేరే కదా, రాస్తే ఏం" అనుకుని కొందరు ఇంట్లో పిలిచే పేరు రాసేస్తారు. ప్రమాదం అక్కడే ఉంది. మిమ్మల్ని ఎరిగినవారికి తెలిసింది ఆ పేరే. కలెక్టరాఫీసు నుంచి దాగి, మేనత్త ముందు బయటపడినట్టవుతుంది. మనకు కీడు జరిగేది చాలావరకు మేనత్తల వైపు నుంచి, వీధివారి వైపు నుంచి, సంబంధం చూడటానికి వచ్చినవారి వైపు నుంచి.

రికార్డు పేరు రాస్తే మరో రకం ముప్పు. ఒడిశా భూముల రికార్డులు భూలేఖ్ అనే వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తాయి. ఊరు ఎంచుకుని రైతు పేరుతో వెతికితే ఖాతా తెరుచుకుంటుంది. అందులో తండ్రి పేరు, కులం, నివాసం కూడా ఉంటాయి. ఓటరు జాబితాలో తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి. మీరు ఊరు పేరు, పూర్తి పేరు కలిపి రాశారంటే మిగిలినదంతా చదివేవారి చేతికి ఇచ్చినట్టే.

పేర్లన్నీ మార్చాను. అయినా ఎలా గుర్తుపట్టారు?

పేరు చూసి గుర్తుపట్టలేదు కాబట్టి. ఒక ఉదాహరణ కల్పించి రాస్తున్నాను:

"పద్మ బరంపురం పట్టునేత వీధిలో పుట్టింది. ముగ్గురు అన్నదమ్ముల తర్వాత ఒక్కతే ఆడపిల్ల. ఠాకురాణి యాత్ర జరిగిన ఏడాది సోంపేట సంబంధం కుదిరింది. మూడేళ్లకు భర్త సూరత్ నుంచి జబ్బు మనిషిగా తిరిగి వచ్చాడు. ఇప్పుడు ఆమె స్టేషను దగ్గర టిఫిన్ బండి నడుపుతోంది."

పేరు తప్ప అన్నీ ఉన్నాయి. నేత వీధి అనగానే కులం, పేట తెలిసిపోయాయి. ముగ్గురు అన్నల చెల్లెలు అనగానే ఆ పేటలో ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బరంపురంలో బుద్ధి ఠాకురాణి యాత్ర రెండేళ్లకు ఒకసారి జరుగుతుంది కనుక పెళ్లి ఏ ఏడాది జరిగిందో సుమారుగా తేలిపోతుంది. సోంపేట అనగానే అటువైపు బంధువులు సిద్ధం. ఆ తర్వాత టిఫిన్ బండి. "పద్మ" అన్న మారుపేరు ఇక ఎవరిని కాపాడుతుంది?

ఇప్పుడు ఒక్కొక్క వివరాన్నీ పట్టుకుని, ఇది లేకపోతే కథ చెడుతుందా అని అడగండి. ఇది ఒంటి చేత్తో సంసారం ఈదిన స్త్రీ కథ అయితే టిఫిన్ బండి ఉండాలి, తెల్లవారుజామున పిండి రుబ్బడం ఉండాలి. అవే కథకు ప్రాణం. స్టేషను అక్కర్లేదు. యాత్ర ఏడాది, అన్నల సంఖ్య, సోంపేట అక్కర్లేదు. సూరత్ విషయంలో ఆగి ఆలోచించాలి. బరంపురం ఉన్న గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లేవారు లక్షల్లో ఉన్నారు, ఆ పేరు ఒక్కటే ఎవరినీ పట్టివ్వదు. కానీ "సూరత్ నుంచి జబ్బుతో వచ్చాడు" అన్న మాట మన పల్లెల్లో ఒకే ఒక్క జబ్బును, హెచ్‌ఐవీని, గుర్తుకు తెస్తుంది. అది నిజం కాకపోయినా ఆ ఇంటి ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి. వలస గురించి రాస్తున్నారా, సూరత్ ఉంచి జబ్బు తీసేయండి. జబ్బు గురించి రాస్తున్నారా, సూరత్ తీసేయండి.

తీసేయమంటున్నాను, మార్చమనడం లేదు. చాలామంది బరంపురాన్ని గుణుపురం చేస్తారు, నేతను వడ్రంగం చేస్తారు, ఒక ఇంటిపేరు బదులు మరో ఇంటిపేరు కల్పిస్తారు. గుణుపురంలో నిజంగానే అటువంటి వడ్రంగి కుటుంబం ఉంటే? ఆ ఇంటివారు ఏ పాపమూ ఎరగరు, నింద వారి మీద పడుతుంది. "నా చిన్నప్పటి స్నేహితురాలు, ఈ జిల్లాలో ఒక పట్టణం" అని రాస్తే ఎవరికీ అపకారం లేదు, మీరు అబద్ధం ఆడవలసిన పనీ లేదు. "కొన్ని వివరాలు వదిలేశాను" అని మొదట్లోనే ఒక వాక్యం రాయండి, పాఠకుడు అర్థం చేసుకుంటాడు.

ఇక్కడ తెలుగు చదివేవారే తక్కువ. ఎవరు చూస్తారు?

తెలుగు మాట్లాడి, ఒడియాలో చదివి రాసేవారు మన దగ్గర ఎక్కువే, నిజం. దాని మీద ధీమా పెట్టుకోకండి. ఫోను ఇప్పుడు తెలుగును చదివి వినిపిస్తుంది, ఒడియాలోకి అనువదిస్తుంది. పైగా మన బంధువర్గం సగం సరిహద్దుకు అవతల ఉంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం, బరంపురం నుంచి ఇచ్ఛాపురం ఎంత దూరం? మీరు రాసింది పలాసలో ఒకరు చదివి, ఫొటో తీసి పంపితే సాయంత్రానికి మీ వీధిలో ఉంటుంది.

మా అమ్మ జీవితం రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకోవాలా?

తీసుకోవాలి. "అమ్మా, నీ గురించి రాస్తున్నాను" అంటే "నీ ఇష్టం నాయనా" అంటుంది. దాన్ని అనుమతి అనుకోకండి. ఏం రాశారో ఆమెకు తెలియదు.

మన అమ్మలు, పిన్నులు చాలామంది తెలుగు చదవలేరు. కాబట్టి రాసినదంతా, మొదటి వాక్యం నుంచి చివరి దాకా, చదివి వినిపించండి. సారాంశం చెప్పి ఊరుకోకండి. ఇంట్లో ఇంకెవరూ లేని వేళ చూసుకోండి. కొడుకు, కోడలు, భర్త ఎదురుగా కూర్చుంటే ఆమె అన్నిటికీ తల ఊపుతుంది. "బాగుందా?" అని అడగకండి, "ఏ మాట తీసేయమంటావు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు మర్యాద కొద్దీ ఒకటే జవాబు వస్తుంది. రెండో ప్రశ్న అడిగితే కాసేపాగి, "ఆ గాజులు తాకట్టు పెట్టిన సంగతి వద్దులే, మీ మావయ్య బాధపడతాడు" వంటి మాట వస్తుంది. ఆ మాట ఆమెకు ఎంత బరువైనదో అప్పుడు తెలుస్తుంది. వెంటనే ప్రచురించకుండా కొన్నాళ్లు ఆగి మళ్లీ అడగండి. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చేవి కూడా ఉంటాయి.

ఆమె వద్దంటే ఆ మాట వద్దు. మీ రచన అందం తగ్గుతుందని వాదించకండి. గాజులు ఆమెవి.

చనిపోయినవారి గురించి స్వేచ్ఛగా రాయవచ్చు కదా?

కొంతవరకు. పరువునష్టం సెక్షన్‌లో, అంటే భారతీయ న్యాయ సంహిత 356లో, చనిపోయినవారి ప్రస్తావన ఉంది. ఆ మనిషి బతికి ఉంటే పరువు పోయేదే అయి, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాసినదైతే అది కూడా పరువునష్టం కావచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైన నాటి సంగతులు తాతల నోట విని రాసేవారు మన దగ్గర ఉన్నారు. ఎవరు ఎటు మొగ్గారు, ఎవరి పొలం ఎవరికి వెళ్లింది అన్నవి ఆ జ్ఞాపకాల్లో తప్పకుండా వస్తాయి. వాటిని రాయాలి, పేర్లతోనే రాయాలి, చరిత్ర అలాగే నిలుస్తుంది. అయితే "మా తాత ఇలా చెప్పేవారు" అన్నది వేరు, "ఇలా జరిగింది" అన్నది వేరు. మనవలు ఇంకా ఆ పొలమే దున్నుకుంటున్నారని గుర్తుంచుకుని, ఏది విన్నమాటో ఏది దస్తావేజులో చూసిందో విడదీసి రాయండి.

పిల్లల గురించి?

పేరు, బడి, తరగతి, బడి దుస్తుల్లో ఫొటో, ఏదీ వద్దు. మీ బిడ్డ అయినా అంతే. పక్క తడపడం, పరీక్ష తప్పడం, దొంగతనం చేసి దొరకడం మీకు ముచ్చటగా ఉండవచ్చు. పదిహేనేళ్లప్పుడు తోటివారు తవ్వి తీస్తే ఆ బిడ్డ తలెత్తుకోలేదు.

లైంగిక నేరానికి గురైన పిల్లల విషయంలో చట్టం కచ్చితంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పేరు, చిరునామా, ఫొటోతోపాటు కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు ప్రాంతం కూడా మాధ్యమాల్లో వెల్లడించకూడదు. పైన పద్మ ఉదాహరణలో చెప్పినదే చట్టం కూడా చెబుతోంది. వీధి చెబితే బిడ్డను చూపించినట్టే. నేరం ఆరోపణ ఎదుర్కొంటున్న పిల్లలకు, రక్షణ అవసరమైన పిల్లలకు 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఇటువంటి రక్షణే ఇస్తోంది.

అత్యాచార బాధితురాలు పెద్దదైనా ఆమె గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా. తన కథను తానే తన పేరుతో చెప్పుకునే హక్కు మాత్రం ఆమెకు ఉంది. ఆమె రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప మరొకరు ఆ పని చేయకూడదు.

గోప్యత నిజంగా హక్కేనా, మర్యాదా?

హక్కే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కని చెప్పింది. అయితే మనలాంటి రచయితలకు అంతకుముందు 1994లో వచ్చిన రాజగోపాల్ కేసు తీర్పు ఇంకా దగ్గరిది. అది ఒక ఖైదీ ఆత్మకథ ప్రచురణ గురించి వచ్చిన వివాదం. మనిషి కుటుంబం, పెళ్లి, సంతానం, చదువు వంటి విషయాలను అనుమతి లేకుండా ప్రచురించకూడదని, రాసింది నిజమైనా అబద్ధమైనా, మెచ్చుకుంటూ రాసినా తిడుతూ రాసినా సరే, అందులో చెప్పారు. మెచ్చుకుంటూ రాసినా అన్నది గమనించండి. "మంచిగానే రాశాను కదా" అన్న జవాబు చెల్లదు. కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్నవాటికి, తామే వివాదంలోకి దిగినవారికి మినహాయింపు ఉంది. లైంగిక దాడి బాధితుల పేర్లకు మాత్రం ఆ మినహాయింపు కూడా వర్తించదు.

నాకు అన్యాయం చేసినవాడి పేరు కూడా దాచాలా?

ఈ ప్రశ్న అడిగేవారి గొంతులో కోపం ఉంటుంది, ఆ కోపం న్యాయమైనది. దాచమని నేను అనను. పేరు పెట్టి రాయడం వల్ల ఏమవుతుందో తెలుసుకుని రాయమంటాను. క్రిమినల్ పరువునష్టంలో నిజం ఒక్కటే సరిపోదు, ఆ నిజం చెప్పడం ప్రజాహితమని కూడా చూపాలి. సివిల్ దావాలో నిజమే గట్టి రక్షణ. రెంటిలోనూ రుజువు కావాలి. పేరు రాయకపోయినా చదివినవారు గుర్తుపట్టగలిగితే కేసు వేయవచ్చు.

కూలి ఎగ్గొట్టిన మేస్త్రి, కట్నం కోసం వేధించిన కుటుంబం వంటి విషయాల్లో ముందు ఫిర్యాదు చేయండి, కాగితం సంపాదించండి, తర్వాత రాయండి. ఆ కాగితంలో ఉన్న మేరకు పేరు పెట్టి రాయడానికి మీకు ఆధారం దొరుకుతుంది. ఒక్కటి మరచిపోకండి. అతని పేరు రాస్తే అతని భార్య, పిల్లలు కూడా అదే ఊళ్లో ఉంటారు. వారు మీకు ఏమీ చేసి ఉండకపోవచ్చు. వారిని రచనలోకి లాగకండి.

అధికారుల గురించి?

పదవిలో ఉండి చేసిన పనిని పేరుతో రాయవచ్చు. ఇంటి సంగతులు రాయకూడదు.

బంధువుల జబ్బుల గురించి రాయవచ్చా?

రోగి ఒప్పుకుంటేనే. హెచ్‌ఐవీ విషయం నమ్మకంతో మీకు చెప్పినదైతే, 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం దాన్ని ఆ మనిషి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని నిషేధిస్తోంది. మానసిక చికిత్సాలయంలో ఉన్నవారి ఫొటోలు, వివరాలు సమ్మతి లేకుండా మాధ్యమాలకు ఇవ్వకూడదని అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కుటుంబంలో ఆ జబ్బు ఎంత బాధ పెట్టిందో రాయాలని ఉంటే మీ బాధ రాయండి. ఆసుపత్రి పేరు, మందుల పేర్లు, జబ్బు మనిషితో మీ వరస లేకుండానే అది రాయవచ్చు.

సవర, కొంధ గిరిజనులైన మా పొరుగువారి గురించి రాస్తున్నాను. వారు మా భాష చదవరు కదా?

అందుకే ఇంకా జాగ్రత్త కావాలి. జవాబు చెప్పుకునే అవకాశం లేని మనిషి గురించి రాసేటప్పుడు బాధ్యత రెట్టింపు. ఇల్లు, పండుగ, పూజ ఫొటోలు అడగకుండా తీయకండి, వేయకండి. రాసినదాన్ని వారి భాషలో చెప్పించి, సరేనన్నాకే ముందుకు వెళ్లండి. ఊరి పేరు రాయాలా వద్దా అన్నది వారే చెప్పాలి.

ఫొటోలు, పాత కాగితాలు?

ఫోనుతో తీసిన ఫొటోలో తీసిన చోటు కూడా నమోదై ఉండవచ్చు. కెమెరా అమరికల్లో లొకేషన్ ఆపేయండి. పాత పట్టాలు, పెళ్లి శుభలేఖలు వేసేటప్పుడు సర్వే నంబర్లు, ఫోను నంబర్లు, సంతకాలు పూర్తిగా నల్లగా కప్పండి. పలుచగా గీస్తే వెలుతురు పెంచి చదవగలరు. ఆధార్ కార్డు ఎక్కడా వేయకండి.

ప్రచురించాక ఎవరో వచ్చి తీసేయమన్నారు. ఏం చేయాలి?

ముందు కూర్చోబెట్టి, ఏ వాక్యం నొప్పించిందో అడగండి. చాలాసార్లు మొత్తం రచన కాదు, ఒక్క వరస, ఒక్క వీధి పేరు, ఒక్క సంవత్సరం. అది తీసేస్తే వారికి చాలు. ఆ మార్పు ఆ పూటే చేయండి, వాదన తర్వాత. వచ్చినవారు బలహీనులైతే, అంటే కోడలు, కూలి మనిషి, పిల్లలు అయితే, కారణం సరిగ్గా చెప్పలేకపోయినా తీసేయండి. వచ్చినవారు బలవంతులై, బెదిరిస్తూ, తాము చేసిన అన్యాయాన్ని చెరిపేయమంటుంటే తొందరపడకండి. మీ దగ్గరున్న కాగితాలు న్యాయవాదికి చూపించి, ఆయన చెప్పాకే జవాబు ఇవ్వండి. ఏ మార్పు చేసినా పాత ప్రతిని తేదీతో సహా మీ దగ్గర ఉంచుకోండి.